న్యూట్రల్ తెగినప్పుడు

పండక్కి కట్టే సీరియల్ బల్బుల వరుసలో ఎక్కడ ఒక్క తీగ ఊడినా వరుస మొత్తం ఆరిపోతుంది. తెగిన చోటుకు ముందున్న బల్బులు కూడా వెలగవు. తిరిగొచ్చే దారి పూర్తిగా ఉంటేనే తీగలో కరెంటు పారుతుంది. అయితే కరెంటు ఆగినంత మాత్రాన వోల్టేజీ పోయినట్టు కాదు. చాలామందికి షాక్ తగిలేది ఈ తేడా తెలియకే.

ఇంట్లోకి రెండు తీగలొస్తాయి: కరెంటు తెచ్చే ఫేజు, అది తిరిగి వెళ్లే న్యూట్రల్. ఈ న్యూట్రల్ తీగ ఊడిందనుకోండి. లైట్లు, ఫ్యాన్లు ఆగిపోతాయి, కరెంటు పోయిందనుకుంటాం. టెస్టర్ పెడితే మాత్రం ప్లగ్గులో ఫేజు వైపూ వెలుగుతుంది, న్యూట్రల్ వైపూ వెలుగుతుంది! స్విచ్ వేసి ఉన్న ఫ్యాను గుండా ఫేజు వోల్టేజీ అవతలి తీగకూ చేరింది. కరెంటు పారడం లేదు కాబట్టి దారిలో అదేమీ తగ్గలేదు. న్యూట్రలే కదా అని ఆ తీగను ముట్టుకుంటే, తెగిన దారిని మన ఒళ్లు నేలతో కలుపుతుంది.

అదే న్యూట్రల్ వీధి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర తెగితే సంగతి పూర్తిగా వేరు. అక్కడి నుంచి మూడు ఫేజు తీగలు, మూడింటికీ ఉమ్మడిగా ఒక న్యూట్రల్ వస్తాయి. ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య 230 వోల్టులు, రెండు ఫేజుల మధ్య దాదాపు 400 ఉంటాయి. మూడు ఫేజుల మీదా లోడు సమానంగా ఉంటే న్యూట్రల్ తెగినా ఎవరికీ తెలియదు. కానీ ఏ వీధిలో అలా ఉంటుంది?

లెక్క తేలిక కోసం వేర్వేరు ఫేజుల మీదున్న రెండిళ్లే తీసుకుందాం. ఒకరు 2000 వాట్ల గీజరు వేశారు. రెండో ఇంట్లో 100 వాట్ల ఫిలమెంటు బల్బు ఒక్కటే వెలుగుతోంది. న్యూట్రల్ తెగగానే ఈ రెండూ 400 వోల్టుల మధ్య సిరీస్‌లో, అంటే ఒకదాని వెనక ఒకటిగా, పడతాయి. గీజరు నిరోధం సుమారు 26 ఓములు, బల్బుది 529. నిరోధం ఎక్కువున్న చోటే వోల్టేజీ ఎక్కువ పడుతుంది కాబట్టి గీజరుకు 19 వోల్టులు, బల్బుకు 381! బల్బుకు బదులు అక్కడ టీవీ ఉంటే మాడిపోతుంది. తక్కువ కరెంటు వాడే ఇంటికే ఎక్కువ నష్టం జరగడం నాకు చాలా అన్యాయంగా అనిపిస్తుంది.

ఇంత జరుగుతున్నా ఎంసీబీ (కరెంటు మితిమీరితే దానంతటదే పడిపోయే స్విచ్) పడదు. అది చూసేది కరెంటును, ఇక్కడ పారేది ఒక ఆంపియర్ కూడా లేదు. వోల్టేజీ మితిమీరగానే సరఫరా ఆపేసే ఓవర్ వోల్టేజ్ కటాఫ్ ఉంటేనే రక్షణ, అందుకే అది ప్రతి మెయిన్ బోర్డులో ఉండాలంటాను. మీ లైట్లు ఉన్నట్టుండి మసకబారి, పక్కింట్లోవి మిరుమిట్లు గొలిపితే న్యూట్రల్‌నే అనుమానించండి. మెయిన్ ఆపేసి లైన్‌మన్‌కు ఫోన్ చేయండి.

పొలంలో త్రీఫేజ్ మోటారుకు న్యూట్రల్‌తో పనిలేదు. దానికి గండం ఒక ఫేజు పోవడం. తిరుగుతున్న మోటారు అప్పుడు ఆగకపోవచ్చు. అన్నే నీళ్లు తోడడానికి మిగిలిన రెండు తీగల్లోంచి దాదాపు 1.73 రెట్లు కరెంటు లాగుతుంది. తీగ తెగితే కరెంటు పెరగడమన్నమాట! ఆగి ఉన్న మోటారైతే గుయ్యిమంటుందే తప్ప తిరగదు, వైండింగ్ ఇంకా త్వరగా కాలుతుంది. సింగిల్ ఫేజింగ్ ప్రివెంటర్ (ఒక ఫేజు పోతే మోటారును ఆపే పరికరం) లేని ఆటో స్టార్టరు, రెండు ఫేజులే వచ్చినా, రైతు ఇంట్లో నిద్రపోతుండగానే మోటారు ఆన్ చేసేస్తుంది.