హరికేన్ వస్తుంటే ఇంట్లో ఉండొచ్చా? అపోహలు - వాస్తవాలు

నేను హ్యూస్టన్‌లో స్ట్రక్చరల్ ఇంజనీర్‌ని. తుపాను వెళ్లాక దెబ్బతిన్న ఇళ్లు చూసి రిపోర్టు రాయడం నా పని. జూన్ వచ్చిందంటే మన వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే సలహాలు చదివి నాకు టెన్షన్ మొదలవుతుంది. వాటిలో చాలావరకు కోస్తా జిల్లాల్లో శ్లాబ్ ఇళ్లలో పెరిగిన అనుభవంతో చెప్పేవే. అక్కడ ఆ సలహాలు ప్రాణాలు కాపాడాయి. ఇక్కడి ఇళ్ల కట్టుబడి వేరు.

అపోహ: మాది ఇటుక ఇల్లు, గాలికి ఏమీ కాదు.

టెక్సాస్ సబర్బ్‌లలో ఇంటి ముందు కనిపించే ఇటుక గోడ కప్పు బరువు మోయదు. మోసేది లోపలున్న చెక్క ఫ్రేము. ఇటుకలు దాని బయట పేర్చిన ఒక వరస మాత్రమే, సన్నటి రేకు పట్టీలు వాటిని ఫ్రేముకి పట్టి ఉంచుతాయి. కప్పు కూడా చెక్కే, పైన షింగిల్స్ అనే పలచటి పలకలు. ఇలాంటి ఇల్లు గాలికి నిలబడాలంటే గాలి లోపలికి రాకూడదు. కప్పు మీదుగా వెళ్లే గాలి దాన్ని ఎలాగూ పైకి లాగుతూ ఉంటుంది. ఒక కిటికీ పగిలి గాలి లోపలికి చేరితే, అది కింది నుంచి కూడా నెడుతుంది. 1992లో ఆండ్రూ అనే హరికేన్ దక్షిణ ఫ్లోరిడాను కొట్టినప్పుడు గ్యారేజ్ తలుపు ముందు పోయి, ఆ వెనకే కప్పు లేచిపోయిన ఇళ్లు ఎన్నో. రెండు కార్ల గ్యారేజ్ తలుపు ఇంట్లో అన్నిటికంటే బలహీనమైన చోటు. అది ఎంత గాలికి తట్టుకుంటుందో చాలా తలుపుల లోపలివైపు లేబుల్ మీద రాసి ఉంటుంది. ఈరోజే వెళ్లి చూడండి. తక్కువగా ఉంటే బ్రేసింగ్, అంటే లోపలి నుంచి అదనపు ఊతం, వేయించుకోండి.

‘లోపలా బయటా ఒత్తిడి సమానం కావడానికి ఒక కిటికీ కొంచెం తీసి ఉంచాలి’ అన్న మాట కూడా ఇందుకే ప్రమాదం. చేతులారా గాలిని లోపలికి పిలవడమే అది. కిటికీలకు టేపు అంటించడం కూడా వృథా. అద్దం పగలకుండా టేపు ఆపలేదు, పైగా పెంకులు పెద్దపెద్దవిగా వచ్చి పడతాయి. షట్టర్లు లేకపోతే కనీసం 5/8 అంగుళాల మందం ప్లైవుడ్‌ని ఫ్రేముకి స్క్రూలతో బిగించండి.

అపోహ: నీళ్లొస్తే పైకెక్కితే చాలు.

నన్ను అన్నిటికంటే భయపెట్టేది ఇదే. మన ఊళ్లో మేడ మీదకి వెళ్లమంటే పైన డాబా ఉంటుంది, ఆకాశం కనిపిస్తుంది, పడవలో వచ్చేవాళ్లకి మనం కనిపిస్తాం. ఇక్కడ పైన ఉండేది ఆటిక్, అంటే వాలు కప్పుకీ సీలింగుకీ మధ్య ఉండే చోటు. దానికి సాధారణంగా బయటికి దారి ఉండదు. 2005లో కత్రినా వరద న్యూ ఓర్లీన్స్‌ని ముంచినప్పుడు ఆటిక్‌లలోకి ఎక్కి, బయటికి రాలేక చనిపోయినవాళ్లున్నారు. మీది రెండంతస్తుల ఇల్లయితే పై అంతస్తుకి వెళ్లండి. అది కూడా మునిగేలా ఉంటే కప్పు మీదకే వెళ్లాలి. ఆటిక్ తప్ప వేరే దారి లేదనుకుంటే కప్పు పగలగొట్టుకుని బయటికి రావడానికి గొడ్డలి వెంట లేకుండా ఎక్కకండి.

అపోహ: కేటగిరీ 1 అంటే భయం లేదు.

హరికేన్‌కి 1 నుంచి 5 వరకు ఇచ్చే ఈ కేటగిరీ గాలి వేగాన్ని మాత్రమే చెబుతుంది. ఉప్పెన గురించి గానీ, వాన గురించి గానీ చెప్పదు. 2008లో ఐక్ కేటగిరీ 2గా తీరం దాటి బొలివర్ ద్వీపకల్పంలో ఇళ్లను ఊడ్చేసింది. 2017లో హ్యూస్టన్ మునిగే సమయానికి హార్వీ హరికేన్ స్థాయి నుంచి బలహీనపడిపోయింది. అయినా టెక్సాస్‌లోనే ఉన్న నెడర్లాండ్ అనే ఊళ్లో 60 అంగుళాలకు పైగా వాన కురిసింది. 2024 జులైలో వచ్చిన బెరిల్ కేటగిరీ 1 మాత్రమే. 20 లక్షలకు పైగా ఇళ్లకూ వ్యాపారాలకూ కరెంటు పోయింది, కొన్ని వీధులు ఆ ఎండలో రోజుల తరబడి అలాగే ఉన్నాయి. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు ఇంట్లో ఉంటే కరెంటు ఉన్న స్నేహితుల ఇల్లు ఒకటి ముందే మాట్లాడి పెట్టుకోండి.

అపోహ: హరికేన్ అనగానే ఊరు వదిలి వెళ్లిపోవాలి.

2005లో రీటా వస్తోందని 25 లక్షల మందికి పైగా ఒకేసారి రోడ్డెక్కారు. ఆ ట్రాఫిక్‌లో, ఎండలో, తుపానుకంటే ప్రయాణమే ఎక్కువమందిని బలి తీసుకుంది. ఇక్కడి అధికారులు చెప్పేది ఒకటే: నీటి నుంచి పారిపోండి, గాలి నుంచి దాక్కోండి. మీ జిప్ కోడ్ ఇవాక్యుయేషన్ జోన్‌లో ఉండి, వెళ్లమని ఆదేశం వస్తే మారు మాట లేకుండా వెళ్లండి. తీరానికి దూరంగా ఉన్న కేటీ, సైప్రెస్ లాంటి చోట్ల ఉప్పెన రాదు, గట్టి ఇల్లయితే ఉండొచ్చు. కానీ బార్కర్, అడిక్స్ రిజర్వాయర్ల వెనకనున్న కాలనీలు హార్వీ అప్పుడు మునిగాయి. మీ ఇల్లు వరద మ్యాపులో ఎక్కడుందో అడ్రస్ కొట్టి చూసుకోండి.

ఇంట్లోనే ఉంటే గాలి పెరిగాక కింది అంతస్తులో, కిటికీలు లేని గదిలో కూర్చోండి. మెట్ల కింది క్లోజెట్ బాగుంటుంది, చాలామంది దాన్నే పూజగది చేసుకుంటారు. కొవ్వొత్తులూ దీపాలూ వద్దు, టార్చిలైటు వాడండి. గాలి ఉన్నట్టుండి ఆగిపోతే తుపాను కన్ను మీ మీదుగా వెళ్తుండొచ్చు. కాసేపటికే ఎదురు దిక్కు నుంచి మళ్లీ అంతే జోరుగా వీస్తుంది. కంచె చూద్దామని అప్పుడు బయటికి రాకండి.

అపోహ: గ్యారేజ్ తలుపు తెరిచి పెడితే లోపల జనరేటర్ నడుపుకోవచ్చు.

నడపకూడదు. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. 2020లో లారా తర్వాత లూసియానాలో ఒకే ఇంట్లో పలువురు ఇలా పోయారు. జనరేటర్ ఇంటికి కనీసం 20 అడుగుల దూరంలో, పొగ కిటికీల వైపు రాకుండా పెట్టండి. బార్బెక్యూ గ్రిల్లు కూడా ఇంట్లో వెలిగించొద్దు. బ్యాటరీతో పనిచేసే మోనాక్సైడ్ అలారం పడకగదుల దగ్గర ఉండాలి.

అపోహ: హోమ్ ఇన్సూరెన్స్ ఉంది, వరద నష్టం వాళ్లే ఇస్తారు.

మామూలు పాలసీలో వరద ఉండదు, విడిగా తీసుకోవాలి. ప్రభుత్వ వరద బీమా సాధారణంగా కొన్న 30 రోజులకు గానీ అమల్లోకి రాదు. సీజన్ జూన్ 1న మొదలవుతుంది కాబట్టి ఏప్రిల్ నెలాఖరులోగా తీసేసుకోండి.