భీముడి జమాఖర్చులు

చిరంజీవులు అమ్మడికి, బుజ్జిగాడికి తాతయ్య ఆశీస్సులు.

సంక్రాంతికి మీ ఇంట్లో మూడు రోజులు ఉన్నాను. అప్పుడు అడగకుండా, నేను కంచరపాలెం చేరి చెప్పులు విప్పుతుండగా మీ పెంపుడు తొండ భీముడి గురించి ఫోను చేశారు. "తాతయ్యా, భీముడు మూడు వారాల నుంచి సరిగ్గా తినడం లేదు. అయినా తూకంలో తగ్గడం లేదు. ఎలా?" అని అమ్మడు అడిగింది. నేను నోరు తెరిచేలోగా బుజ్జిగాడు ఫోను లాక్కుని, "లావుగా ఉంటే మంచిదే కదా తాతయ్యా?" అన్నాడు. రెండూ మంచి ప్రశ్నలే. ఫోనులో చెబితే సగం విని పరుగెత్తుతారు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. మధ్యలో నా గొడవ కూడా కొంత వస్తుంది, ఓర్చుకోండి.

మీ నానమ్మ భీముడిని ఇప్పటికీ "ఆ తొండ" అంటుందని మీకు కోపం. ఆమె మాటలో తప్పేమీ లేదు. మన ప్రహరీ గోడ మీద తలాడించే తొండా, మీరు బియర్డెడ్ డ్రాగన్ అని గొప్పగా చెప్పుకునే భీముడూ ఒకే వంశం, దాయాదులు. బల్లి ఇంటిపేరు వేరు. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలు చూసినప్పుడు "భీముడి ఊరు ఇలాగే ఉంటుందా?" అని అడిగావు కదా బుజ్జీ? రంగు వరకు అలాగే ఉంటుంది. వాడి జాతి ఆస్ట్రేలియా నడిమధ్యన, ఎర్రటి పొడి నేలల్లో పుట్టింది. ఆ దేశం తన అడవి జంతువులను వ్యాపారానికి బయటికి పంపనివ్వదు. కాబట్టి మీ వాడు ఏ పెంపకందారు పెట్టెలోనో పుట్టినవాడే. ఎడారి చూడలేదు, చూడబోడు. కానీ ఒంట్లో మాత్రం ఎడారి లెక్కలే నడుస్తున్నాయి.

లెక్కలంటే నాకు మా నాన్న కొట్టు గుర్తొస్తుంది. పూర్ణా మార్కెట్‌లో మాకు చిన్న కిరాణా కొట్టు ఉండేది. రాత్రి తలుపులు వేశాక నాన్న చిట్టా తెరిచి ఒక పక్క జమ, ఒక పక్క ఖర్చు రాసేవాడు. ఒళ్ళు కూడా ఒక కొట్టే అనుకోండి. తిన్నది జమ. తిరిగింది, ఊపిరి తీసింది, పెరిగింది ఖర్చు. మిగిలింది తూకంలో కనిపిస్తుంది.

మన ఖర్చుల్లో అన్నిటికంటే పెద్ద పద్దు ఏమిటో తెలుసా? పరుగూ కాదు, చదువూ కాదు. ఒంటి వేడి. మీరు నిద్రపోతున్నా సరే, ఒళ్ళు 37 డిగ్రీల దగ్గర నిలబడాలి. అది కొట్టు అద్దెలాంటిది, బేరం ఉన్నా లేకపోయినా కట్టక తప్పదు. భీముడికి ఆ అద్దె లేదు. వేడి కావాలంటే ఎండలోకో పెట్టెలోని వేడి దీపం కిందికో వెళ్ళి పుచ్చుకుంటాడు, చాలనిపిస్తే నీడకు జరుగుతాడు. అందుకే, వాడంత బరువుండే ఏ పిల్లికూనకైనా కావలసిన తిండిలో పదోవంతుతో వాడికి రోజు గడిచిపోతుంది.

ఇక చలికాలం వచ్చిందంటే వాడు కొట్టుకు తాళమే వేస్తాడు. కొన్ని వారాలు మూలన పడుకుంటాడు, తిండి ముట్టడు, ఎప్పుడో లేచి రెండు గుక్కలు నీళ్ళు తాగి మళ్ళీ పడుకుంటాడు. దీనిని బ్రూమేషన్ అంటారు. దీపాలున్న గాజుపెట్టెలో పుట్టి పెరిగినా, బయట పగలు కురచబడిందని వాడి లోపలి గడియారానికి ఎలాగో తెలుస్తుంది. జమ లేదు, ఖర్చూ దాదాపు లేదు. మరి నిల్వ ఎందుకు తగ్గుతుంది? అమ్మడూ, నీ ప్రశ్నకు జవాబు ఇదే.

అయితే ఒక్క మాట. ఏడాది నిండిన తొండ ఇలా పడుకుంటే కంగారు లేదు. ఏడాది నిండని పిల్ల తినడం మానేస్తే అది నిద్ర కాదు, డాక్టరు దగ్గరకు వెళ్ళాలి. భీముడికి రెండో ఏడు నడుస్తోంది కదా, ఫరవాలేదు. పడుకున్నవాడిని లేపి నోట్లో పురుగులు కుక్కకండి. వాడికి అరగాలంటే దీపం కింది రాయి దగ్గర దాదాపు 40 డిగ్రీల వేడి ఉండాలి, పెట్టె రెండో కొస చల్లగా 25, 27 దగ్గర ఉండాలి. ఆ వేడి లేకుండా కడుపులో పడిన తిండి అరగదు, అక్కడే కుళ్ళుతుంది. వానాకాలంలో మా కొట్టులో ఉప్పు బస్తా నీరు కారినట్టు. ఉప్పు అనగానే గుర్తొచ్చింది, మన విశాఖ గాలిలో తేమ ఎక్కువ. వాడికి పొడి గాలి కావాలి. పెట్టెకు గాలి ఆడే జాలీ ఉందో లేదో చూడండి, నీళ్ళ గిన్నె దీపం కింద పెట్టకండి.

ఇప్పుడు బుజ్జిగాడి ప్రశ్న. లావుగా ఉంటే మంచిదే కదా అని.

మన ఇళ్ళలో పిల్లవాడు బొద్దుగా ఉంటే ముచ్చట. నానమ్మ నిన్ను చూసినప్పుడల్లా "చిక్కిపోయాడు" అంటుంది, నువ్వు ఎంత ఉన్నా అదే మాట. భీముడి దగ్గర ఆ మాట పనికిరాదు. భోగి నాడు మీరు వాడిని తూచినప్పుడు అమ్మడి నోటుబుక్కు తిరగేశాను. ఆగస్టులో 448 గ్రాములు. దసరా సెలవుల తర్వాత 481. దీపావళి దాటాక 497. భోగికి 495.

దసరా సెలవుల్లో మీరు హైదరాబాద్ వెళ్ళి, భీముడిని పది రోజులు ఎవరి దగ్గర వదిలారు?

నా దగ్గరే. మీకు చెప్పలేదు కానీ, ఆ 33 గ్రాములు నావే. వాడు గాజు వెనక నుంచి తల పక్కకు వాల్చి ఒక కంటితో చూసేవాడు. ఆకలేమో అనుకునేవాణ్ణి. ఒక పురుగు, ఇంకొకటి. మీరు ఇచ్చి వెళ్ళిన సూపర్‌వర్మ్ పురుగుల డబ్బా నాలుగో రోజుకే ఖాళీ అయితే, సీతమ్మధార వెళ్ళి ఇంకొకటి కొనుక్కొచ్చాను. నానమ్మ అరటిపండు ముక్కలు పెట్టేది. ఆకుకూర గిన్నెలో అలాగే వాడిపోయేది. జీడిపప్పు చూపించి జొన్నన్నం తినమంటే ఎవరు తింటారు? చూపును ఆకలి అనుకోవడం నా పొరపాటు. ఆకలి లేకపోయినా కదిలేదాన్నల్లా చూడటం వాడి స్వభావం.

గల్లాపెట్టె నిండితే నాన్న డబ్బు లోపలి గదిలోకి మార్చేవాడు. భీముడి గల్లాపెట్టె తల మీదే ఉంది. కళ్ళ వెనక రెండు ఉబ్బులు ఉంటాయి చూడండి, అవి కొవ్వు నిల్వలు. అవి కాస్త నిండుగా, మెత్తగా ఉంటే క్షేమం. గుంటలు పడితే ఒంట్లో నీరో తిండో తక్కువైనట్టు. కొండల్లా పైకి లేచి, తోక మొదలు ఉబ్బి, పొట్ట నేలకు రాసుకుంటుంటే గల్లా పొంగిందని అర్థం. ఆ పైన మిగిలింది లోపలి గదిలోకి, అంటే కాలేయంలోకి చేరుతుంది. అక్కడ కొవ్వు పేరుకుంటే పైకి ఏమీ తెలియదు, తెలిసేసరికి ఆలస్యమైపోతుంది. కాబట్టి అంకె ఒక్కటే చూడకండి. పెద్ద బియర్డెడ్ డ్రాగన్ 300 నుంచి 500 గ్రాముల వరకు ఎంతైనా ఉండవచ్చు. పొడుగును బట్టి, ఒంటి తీరును బట్టి చూడాలి.

మరి ఏం పెట్టాలి? పిల్లగా ఉన్నప్పుడు పురుగులు ఎక్కువ, ఆకులు తక్కువ. పెద్దయ్యాక తిరగేయాలి. గిన్నెలో ముప్పాతిక ఆకులు, కాయలు ఉండాలి. పురుగులు వారానికి రెండు మూడు సార్లు చాలు, అవీ కీచురాళ్ళలాంటివి. సూపర్‌వర్మ్‌లాంటి కొవ్వు పట్టిన లార్వాలు పండగకు పెట్టే అరిసెల్లాంటివి. మీ పెరట్లో మందారం ఉంది కదా, ఆకూ పువ్వూ రెండూ పెట్టవచ్చు. గుమ్మడి తురుము పెట్టండి. రైతు బజారులో పాలకూర చౌకగా దొరుకుతుందని రోజూ అదే వేయకండి, అది తిండిలోని సున్నాన్ని పట్టేసుకుని ఒంటికి అందనివ్వదు. అవకాడో అసలు వద్దు. బాత్రూములో పట్టిన బొద్దింకలు కూడా వద్దు బుజ్జీ, వాటి మీద ఏ మందు చల్లారో ఎవరికి తెలుసు? మిణుగురు పురుగు మాత్రం ఒక్కటి పెట్టినా వాడి ప్రాణం పోతుంది. ఇది హాస్యం కాదు.

సున్నం అన్నాను కదా, అంటే కాల్షియం. పురుగుల మీద ఆ పొడి చల్లుతున్నారు, సరే. కానీ సరుకు నిండిన లారీ కొట్టు ముందుకు వచ్చినా, చేతిలో చలానా లేకపోతే నాన్న దింపనిచ్చేవాడు కాదు. కాల్షియానికి చలానా డి విటమిన్. ఆ చలానా రాసేది ఎండ. ఎండలోని కంటికి కనిపించని యూవీబీ కిరణం చర్మం మీద పడితేనే అది తయారవుతుంది. కిటికీ అద్దం ఆ కిరణాన్ని ఆపేస్తుంది, కాబట్టి అద్దం వెనక ఎండ లెక్కలోకి రాదు. పెట్టెలో ఆ కిరణమిచ్చే మీ యూవీబీ ట్యూబు ఎప్పుడు కొన్నారు? పైకి వెలుగుతూనే ఉంటుంది కానీ, ఆరు నెలల నుంచి ఏడాదిలోపు లోపలి సత్తువ పోతుంది. అది పోతే దవడ మెత్తబడుతుంది, కాళ్ళు వణుకుతాయి, వెన్ను వంకరపోతుంది. ఈ ఊళ్ళో ఎండ డబ్బులకు కొనక్కరలేదు. ఉదయం పూట పావుగంట డాబా మీదకు తీసుకెళ్ళండి. నీడ కూడా పక్కనే ఉండాలి. గాజుపెట్టెతో పాటు ఎండలో పెట్టారంటే మాత్రం వాడు ఉడికిపోతాడు.

తూకం సంగతి. ఆదివారం పొద్దున్నే, తిండి పెట్టకముందు, వంటింటి ఎలక్ట్రానిక్ కాటా మీద డబ్బా పెట్టి సున్నా చేసి, అందులో వాడిని కూర్చోబెట్టండి. ప్రతివారం అదే వేళకు. పది పదిహేను గ్రాముల తేడా వస్తే బెంగ వద్దు, ఒకసారి దొడ్డికి వెళితే అంత తగ్గుతుంది. పదోవంతు తగ్గిందా, అప్పుడు ఆగకండి. అలాగే కళ్ళు గుంటలు పడినా, నోరు తెరుచుకుని ఊపిరి తీస్తున్నా, రెట్ట పలచబడి కంపు కొడుతున్నా వెంటనే డాక్టరు. కుక్కలను మాత్రమే చూసే డాక్టరు కాదు, ఇలాంటి జీవులను చూసిన అనుభవం ఉన్నవారు. రెట్ట కొంచెం డబ్బాలో తీసుకెళ్ళండి, కడుపులో పురుగులున్నాయేమో పరీక్ష చేస్తారు. వాడిని ముట్టుకున్న ప్రతిసారీ చేతులు సబ్బుతో కడుక్కోండి, వాడు నవ్వుతున్నట్టు కనిపించినా సరే.

తూకం అంటే నాకు ఇంకొకటి గుర్తుంది, రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. నాకు పదేళ్ళు అప్పుడు, 1962. కొట్టులోకి కిలో రాళ్ళు వచ్చేశాయి కానీ నాన్న నోట తులాలు, వీశెలే. నేనూ మా వీధి పిల్లలూ కొబ్బరి ఈనె చివర ఉచ్చు ముడివేసి తొండలను పట్టేవాళ్ళం. గొంతు ఎర్రబడింది కాబట్టి దూరం నుంచే మన రక్తం పీలుస్తోందని మా నమ్మకం. పట్టి, నోట్లో ముక్కుపొడి వేసి, అది గిరగిరా తిరుగుతుంటే నవ్వేవాళ్ళం. ఒకరోజు ఉచ్చుతో సహా నాన్నకు దొరికాను. కొడతాడనుకున్నాను. కొట్టలేదు. ఆ తొండను జాగ్రత్తగా విప్పి, పోపు దినుసులు తూచే చిన్న తక్కెడలో పెట్టాడు. అటు పక్క రాళ్ళు వేసి చూసి, "మూడు తులాలు కూడా లేదురా. దీని మీదా నీ ప్రతాపం?" అన్నాడు. అది తక్కెడలోంచి దూకి చింతపండు బస్తాల వెనక్కి పోయింది. తర్వాత చాలా రోజులు సరుకు తీయడానికి ఆ వైపు వెళ్ళాలంటే నాకు సిగ్గేసేది. మూడు తులాలంటే మీ లెక్కలో 35 గ్రాములు.

ఇంతవరకు కొట్టు లెక్క బాగానే నడిచింది. ఇక్కడ ఆగిపోతుంది. భీముడు తినకుండానే ఒకరోజు హఠాత్తుగా బరువు పెరిగి, పొట్టలో గోళీల్లా తగులుతూ, పెట్టె మూలన ఇసుక తవ్వుతుంటే ఏం చేస్తారు? అది కొవ్వు కాదు, గుడ్లు. అప్పుడు భీముడి పేరు మార్చాలి. నవ్వకండి, ఆడ డ్రాగన్ మగ తోడు లేకపోయినా గుడ్లు పెడుతుంది. వాటిలోంచి పిల్లలు రావు, అంతే. తవ్వుకోవడానికి తడి ఇసుక తొట్టి ఇవ్వాలి, గుడ్లు లోపలే ఇరుక్కుంటే ప్రమాదం.

ఇంకా వింత ఉంది. ఈ జాతిలో గుడ్డు పొదిగే నేల మరీ వేడెక్కితే, దాదాపు 32 డిగ్రీలు దాటితే, మగవాడిగా పుట్టవలసిన పిల్ల ఆడపిల్లగా బయటికి వస్తుంది. వచ్చి, పెరిగి, గుడ్లు కూడా పెడుతుంది. ఆస్ట్రేలియా ఆరుబయలులోనే ఇది జరుగుతోందని 2015లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. పుట్టుకకు రాసిపెట్టిన రాతను నేల వేడి దిద్దేస్తుందంటే, దానిని ఏ పద్దులో రాయాలి? నా చిట్టాలో అలాంటి గడి లేదు. ఎలా జరుగుతుందో వివరించమని అడగకండి, ఆ మాట చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఆదివారం తూకం అయ్యాక ఒక పని చేయండి. ఎనిమిదింటికి డాబా మీద, నీళ్ళ ట్యాంకు పక్కన చప్పుడు చేయకుండా కూర్చోండి. ఎదురింటి ప్రహరీ మీదకు తొండ వస్తుంది, నేను సంక్రాంతికి వచ్చినప్పుడు రెండు రోజులు చూశాను. గొంతు ఎర్రగా ఉండదు, ఆ ఎరుపు ఎండాకాలానికి వస్తుంది. వచ్చిన వెంటనే తింటుందా, ముందు ఎండకు ఒళ్ళు పలచగా పరుచుకుంటుందా? తల ఎన్నిసార్లు ఆడించింది? మొదటి చీమను పట్టింది ఎన్ని గంటలకు? అమ్మడి నోటుబుక్కులో భీముడి బరువు పక్కనే అది కూడా రాయండి. బుజ్జిగాడి చేతిలో రాయి ఉండకూడదు.

ఇట్లు,
తాతయ్య