లైసెన్సు సొమ్ము, కచేరీ లెక్క: ఎవరు విచారించాలి?

మద్రాసు ప్రెసిడెన్సీలో భూమిశిస్తు తరువాత సర్కారుకు పెద్ద రాబడి అబ్కారీ, అంటే మత్తుపానీయాల మీద వచ్చే ఆదాయం. 1886 నాటి మద్రాసు అబ్కారీ చట్టం కింద సారా, కల్లు దుకాణాల లైసెన్సులను వేలం వేసేవారు. పాడుకున్నవారు కిస్తీల చొప్పున సొమ్ము కట్టేవారు. నగదు పుచ్చుకున్న చెయ్యే చిట్టా కూడా రాసే కచేరీలో నేటి వసూలుతో నిన్నటి లోటు పూడ్చుకుంటూ నెలల తరబడి నెట్టుకురావడం కష్టమేమీ కాదు. అటువంటి చోట దుకాణదారు దాచుకున్న రసీదే గట్టి సాక్ష్యం. దాన్ని కచేరీలోని కౌంటర్ ఫాయిల్‌తోనూ, ఖజానా చలానాతోనూ తేదీల వారీగా పోల్చి చూడాలి.

అయితే ఆ పోల్చి చూసే పని ఎవరిదన్న చిక్కు అబ్కారీ చట్టం కన్నా చాలా పాతది. కోయంబత్తూరులో విలియం గారో కలెక్టరుగా ఉన్న కాలంలో ఖజానాదారు కాశీ చెట్టి సాగించిన అక్రమాలను 1816 ప్రాంతంలో కంపెనీ అధికారులు థామస్ మన్రో, జాన్ సలివన్ బయటినుంచి వెళ్లి విచారించారు. ఆ మన్రో గవర్నరుగా ఉండగానే 1822లో తొమ్మిదో రెగ్యులేషన్ వచ్చింది. రెవెన్యూ శాఖలోని దేశీయ ఉద్యోగుల అపహరణలను విచారించే అధికారం దాని ప్రకారం కలెక్టరుకే దక్కింది. ఎవరి పర్యవేక్షణ లోపం వల్ల సొమ్ము పోయిందో ఆయనకే విచారణ అప్పగించడం, నా దృష్టిలో, ఆ శాసనంలోని అసలు లోపం.

ఆ లోపం ఎంతదాకా వెళ్లగలదో గుంటూరు చూపించింది. హుజూర్ కచేరీలో (కలెక్టరు కార్యాలయంలో) శిరస్తాదార్లు అనే పెద్ద దేశీయ ఉద్యోగులు, గ్రామాల్లో కరణాలు లెక్కలను తమ గుప్పిట్లో పెట్టుకోగా, కలెక్టర్లు వారు చూపిందే చూడవలసి వచ్చింది. 1832-33 కరువులో చితికిపోయిన జిల్లా అది. రైతు కట్టినదానికీ, సర్కారుకు చేరినదానికీ పొంతన లేకపోవడం చిన్న విషయం కాదు. చివరకు విచారణకు కంపెనీ అధికారి వాల్టర్ ఎలియట్‌ను పంపవలసి వచ్చింది, ఆయన నివేదిక 1846లో అందింది. (అమరావతి శిల్పాలను 1845లో తవ్వించి మద్రాసుకు తరలించింది కూడా ఆయనే.)

బయటివారు చేసినంత మాత్రాన విచారణ న్యాయమైనది అయిపోదు. చెన్నై చూలైలో మన తెలుగువాడైన అవధానం పాపయ్య పేర ఇప్పటికీ ఒక రోడ్డు ఉంది. గవర్నరు పదవిలో ఉన్న హాలండ్ సోదరులకు ఆయన దుబాసీ, అంటే దుబాసిగా మాటలు చెబుతూ వ్యవహారాలు చక్కబెట్టే మధ్యవర్తి. రెవెన్యూ బోర్డు సభ్యుడు డేవిడ్ హాలిబర్టన్‌ను తప్పించడానికి తప్పుడు అభియోగాలు అల్లిన కుట్ర ఆయన మీద 1792లో రుజువైంది. అందువల్ల ఫిర్యాదును కూడా కాగితాలతో సరిపోల్చి చూడక తప్పదు.

పై అధికారుల నడవడిపై విచారణకు 1850లో వేరే చట్టం వచ్చింది. 1860 నాటి శిక్షాస్మృతిలోని 409వ సెక్షన్ ప్రభుత్వోద్యోగి చేసే నమ్మకద్రోహానికి యావజ్జీవం దాకా శిక్ష విధించింది. అయినా గుమాస్తా తన చిట్టాలో తానే అబద్ధపు పద్దు రాస్తే అది ఫోర్జరీ అవుతుందా అన్న చిక్కు మిగిలింది. లెక్కలు తారుమారు చేయడాన్నే నేరంగా పేర్కొన్న 477-ఎ సెక్షన్ 1895లో చేరేనాటికి కోయంబత్తూరు విచారణ జరిగి దాదాపు ఎనభై ఏళ్లయింది.