అమృతాంజనం డబ్బా మీద నడిచిన పేపరు

మైలాపూర్ లజ్ దగ్గర నాగేశ్వరరావు పార్కులో పొద్దున్నే చక్కర్లు కొట్టేవాళ్లలో సగం మందికి ఆ నాగేశ్వరరావు ఎవరో తెలీదు. మొన్న ఒక కుర్రాడైతే సినిమా హీరో అనుకున్నాడు పాపం. ఆయన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు. 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు, 1908లో అక్కడే ఆంధ్రపత్రికను వారపత్రికగా తెచ్చారు, 1914లో మద్రాసు వచ్చేసి దాన్ని దినపత్రిక చేశారు, 1924లో భారతి మాసపత్రిక పెట్టారు.

చిన్న మీడియా సంస్థలు సొంత కాళ్ల మీద నిలబడటం ఎలా అని ఇవాళ అందరూ తలలు పట్టుకుంటున్నారు గానీ, ఆ తలనొప్పికి మందు రాసింది ఈయనే, అక్షరాలా. బామ్ అమ్మగా వచ్చిన డబ్బు పత్రికకు అండ. డాక్టర్ కె.ఎన్. కేసరిగారిదీ అదే దారి, ఇదే ఊళ్లో: ఆడవాళ్ల కోసం లోధ్ర అనే మందు తయారుచేస్తూ 1928లో గృహలక్ష్మి పత్రిక పెట్టారు.

అప్పట్లో పేపరు పెట్టాలంటే కాగితం, సిరా ఖర్చులతో పోయేది కాదు. 1910 ప్రెస్ చట్టం కింద కొత్త ప్రెస్సు వాడు 500 నుంచి 2,000 రూపాయల దాకా ధరావతు కట్టాల్సి రావచ్చు, సర్కారుకి నచ్చని ముక్క అచ్చయితే అది జప్తు. అంటే గొంతు నొక్కడానికి ముందు జేబే తడిమేవాళ్లు. ఇక్కడే బామ్ గొప్పదనం: ఆ డబ్బా కొనే వేలమందిలో ఏ ఒక్కడికీ సంపాదకీయంతో పనిలేదు, కోపమొచ్చినా ఒక డబ్బా మానేస్తాడు, అంతే.

ఫుల్‌పేజీ ప్రకటన ఇచ్చేవాడు అలా కాదు కదా. తర్వాతి కాలమంతా ప్రకటనలదే, పెద్ద గ్రూపులదే (ఇండియన్ ఎక్స్‌ప్రెస్ అధిపతి రామ్‌నాథ్ గోయెంకా పెట్టిన ఆంధ్రప్రభ 1938లో మద్రాసులోనే మొదలైంది), 1991కి ఆంధ్రపత్రిక మూతపడింది.

ఇంటర్నెట్ వచ్చాక కథ బెంగళూరుకి మారింది. 2014లో అక్కడ ద న్యూస్ మినిట్ అనే వార్తల సైటు పుట్టింది. 2015లో దాతల డబ్బుతో స్వతంత్ర మీడియాకు గ్రాంట్లిచ్చే ఐపీఎస్ఎంఎఫ్ ఫౌండేషన్ కూడా ఆ ఊళ్లోనే మొదలైంది. 2022 సెప్టెంబరులో ఆ ఫౌండేషన్ ఆఫీసుకి ఆదాయపు పన్ను వాళ్లు ‘సర్వే’కి, అంటే లెక్కల తనిఖీకి, వచ్చారు. ఇచ్చే చెయ్యి ఒకటే అయితే టెన్షన్ కూడా అందరికీ ఒకేసారి. పోనీ విదేశీ పెట్టుబడి అంటే 2019లో డిజిటల్ వార్తలకి 26 శాతం పరిమితి పెట్టారు. 2020లో అమెరికా వాళ్ల వార్తల సైటు హఫ్‌పోస్ట్ ఇండియా దుకాణం కట్టేసింది.

ఇక మిగిలింది పాఠకుడు. 2012లో మొదలైన వార్తల సైటు న్యూస్‌లాండ్రీ చందాల మీదే పడింది, బెంగళూరులోనే 2016లో వచ్చిన వ్యాపార వార్తల సైటు ద కెన్ కూడా. బాగానే ఉంది అనుకుంటుండగా 2021 అక్టోబరులో రిజర్వు బ్యాంకు కొత్త నిబంధన అమల్లోకి వచ్చి కార్డుల మీద పాత ఆటో డెబిట్లు చాలావరకు ఆగిపోయాయి. మళ్లీ ఓటీపీ కొట్టి నమోదు చేసుకుంటేనే. ఎంతమంది చేసుకుంటారు? నేనే రెండు చందాలు అలా వదిలేశాను, కోపంతో కాదు, బద్ధకంతో.

కోడంబాక్కంలో చిన్న తెలుగు సైటు నడిపే మా ఫ్రెండుకీ అదే దెబ్బ. నెలకి వంద రూపాయల చందా, ఒక్కొక్కళ్లకీ ఫోన్ చేసి బతిమాలుకున్నాడు. టీ నగర్లో ఒక పెద్దావిడ, “ఈ ఓటీపీల గోల నాకెందుకు నాయనా, పేపరబ్బాయిలా నువ్వే వచ్చి పట్టుకెళ్లు” అందట. ఇప్పుడు నెలనెలా మొదటి ఆదివారం స్కూటరేసుకుని ఆవిడింటికి, ఆ వీధిలోనే ఇంకో నాలుగిళ్లకి వెళ్తాడు. కాఫీ కూడా ఇస్తారట.