స్టేడియం కప్పు ఎందుకంత ఖరీదు?

అహ్మదాబాద్‌లోని నరేంద్ర మోదీ స్టేడియంలో 1,32,000 మంది కూర్చోవచ్చు. దానికైన ఖర్చు సుమారు 800 కోట్ల రూపాయలు. లాస్ ఏంజెలెస్ పక్కనే ఇంగిల్‌వుడ్‌లో 2020లో తెరిచిన సోఫై స్టేడియంలో ఉన్నవి దాదాపు 70,000 సీట్లు. ఖర్చు మాత్రం 500 కోట్ల డాలర్లు దాటింది, అంటే 35 వేల కోట్ల రూపాయల పైమాటే. సగం సీట్లకు నలభై రెట్లకు మించిన ధర ఎలా వచ్చిందని ఒక పాఠకుడు అడిగారు. కూలి రేట్లలో తేడా, విలాసవంతమైన గదులు, తెరలు అన్నిటికీ ఇందులో వాటా ఉంది. కానీ నన్ను కట్టిపడేసేది కప్పు. అహ్మదాబాద్‌లో కప్పు ప్రేక్షకుల వరకే వచ్చి ఆగుతుంది. సోఫైలో మైదానం మీదుగా అటు చివరి దాకా వెళ్తుంది.

రెండు గోడల మధ్య దూలం వేశామనుకుందాం. దాని మీద మీటరుకు ఒక టన్ను చొప్పున బరువు ఉంది. ఆ దూలాన్ని నడిమధ్యన వంచే ప్రభావాన్ని ఇంజనీర్లు బెండింగ్ మొమెంట్ అంటారు. మీటరు బరువును దూరం వర్గంతో గుణించి 8తో భాగిస్తే అది వస్తుంది. దూరం 10 మీటర్లయితే 12.5 టన్ను-మీటర్లు. 250 మీటర్లయితే 7,800 దాటుతుంది. దూరం 25 రెట్లు పెరిగితే వంచే ప్రభావం 625 రెట్లు పెరిగింది! డిప్లొమా విద్యార్థులంతా ఈ సూత్రాన్ని కంఠస్థం చేస్తారు. ఆ వర్గం గుర్తులో ఎన్ని కోట్ల రూపాయలు దాగి ఉన్నాయో తరగతిలో ఒక్కసారి చెప్పినా వాళ్లు జన్మలో మరచిపోరు. పైగా అంత వంపును తట్టుకోవాలంటే దూలం లావెక్కాలి. లావెక్కితే దాని సొంత బరువే కొత్త భారమవుతుంది. పరిమాణం పెంచుతూ పోతే నిర్మాణం తన బరువుకే కూలిపోతుందని గెలీలియో 1638లోనే వివరించాడు.

దూలం బదులు 25 మీటర్లు కిందికి వేలాడే తీగను ఊహించండి. తీగ వంపును మోయలేదు, లాగుడును మాత్రమే మోస్తుంది. ఆ 7,800ని 25తో భాగించండి. తీగలో అడ్డంగా పనిచేసే లాగుడు సుమారు 312 టన్నులు. దాన్ని 8, 9 సెంటీమీటర్ల మందమున్న ఉక్కు కేబుల్ మోసేస్తుంది. వేలాడే లోతు పెరిగేకొద్దీ లాగుడు తగ్గుతుంది. ఇంత అందమైన బేరం ఇంజనీరింగ్‌లో మరొకటి లేదని నా అభిప్రాయం.

అయితే ఆ 312 టన్నుల లాగుడును రెండు చివర్లా ఎవరో ఒకరు పట్టుకోవాలి. సైకిల్ చక్రంలో పుల్లలన్నీ రిమ్మును లోపలికి లాగుతుంటే, రిమ్ము నొక్కుడుకు ఓర్చుకుని గుండ్రంగా నిలబడుతుంది. చాలా స్టేడియాల కప్పు చుట్టూ ఉండే భారీ ఉక్కు వలయం చేసే పని అదే. కేబుళ్లలో ఆదా చేసిన డబ్బులో మంచి భాగాన్ని వలయం తినేస్తుంది. ఇక గాలి. తేలికైన కప్పును అది పైకి లేపుతుంది, రెపరెపలాడిస్తుంది. అందుకే కేబుళ్లను ముందుగానే బిగించి ఉంచాలి.

సోఫైకి ఇంకో రెండు చిక్కులు. విమానాశ్రయం దగ్గరే ఉండటంతో ఎత్తుకు పరిమితి వచ్చింది, అందుకని గిన్నెలాంటి మైదాన భాగాన్ని వంద అడుగుల లోతుకు తవ్వారు. భూకంపాల ప్రాంతం కాబట్టి కప్పును, సీట్ల భాగాన్ని వేర్వేరు నిర్మాణాలుగా కట్టారు. భూమి కదిలినప్పుడు దేని ఊపు దానిది. ఆ కప్పుకే దాదాపు వెయ్యి టన్నుల వీడియో తెర వేలాడుతోంది. సూత్రంలో మీటరు బరువు ఎక్కడ పెరిగిందో తెలిసింది కదా.

కప్పు వల్ల అతిగా బాధపడ్డ నగరం కెనడాలోని మాంట్రియల్. 1976 ఒలింపిక్స్ కోసం ఫ్రెంచ్ వాస్తుశిల్పి రోజే తాయిబేర్ రూపకల్పన చేసిన స్టేడియం అక్కడుంది. వాలుగా నిలిచిన 165 మీటర్ల గోపురం నుంచి కేబుళ్లతో కప్పును ఎత్తి తెరవాలన్నది ఆలోచన. క్రీడల నాటికి గోపురమే పూర్తి కాలేదు. 1987లో కెవ్లార్ అనే గట్టి కృత్రిమ నార వస్త్రంతో కప్పు వచ్చింది, గాలికి చిరుగుతూ వచ్చింది. 1998లో తెరుచుకోని కొత్త వస్త్రం వేశారు. మరుసటి జనవరిలోనే మంచు బరువుకు అది చిరిగింది. వస్త్రం కాస్త కుంగితే ఆ గుంటలో ఇంకా మంచు చేరుతుంది, చేరితే ఇంకా కుంగుతుంది. కట్టడం అచ్చిరాలేదనో, దోషముందనో అనేవాళ్లకు ఈ ఒక్క వరుసక్రమం చూపిస్తే చాలు, జరిగిందంతా లెక్కకు అందుతుంది. ఒలింపిక్ అప్పు తీరేసరికి 2006 వచ్చింది. అందులో పెద్ద భాగం పొగాకు పన్ను నుంచి చెల్లించారు.

2024లో మాంట్రియల్ ఉన్న క్యూబెక్ రాష్ట్ర ప్రభుత్వం ఆ స్టేడియానికి 87 కోట్ల కెనడా డాలర్లతో కొత్త కప్పు ప్రకటించింది. స్టేడియాన్నే కూల్చేయాలంటే 200 కోట్ల కెనడా డాలర్లు అవుతుందని అంచనా. ముందే పోతపోసిన కాంక్రీటు ముక్కలను ఉక్కు కేబుళ్లతో బిగించి కట్టిన నిర్మాణం అది. ఆ కేబుళ్లలో బిగింపు ఈనాటికీ ఉంది, కాబట్టి కూల్చేటప్పుడు దాన్ని ముక్క తర్వాత ముక్కగా జాగ్రత్తగా విడిపించాలి.