ప్రీకాస్ట్ పిల్లర్లకి బోల్టు జాయింట్లు: అపోహలు - వాస్తవాలు

"బోల్టులేసి నిలబెట్టిన పిల్లరా, భూమి ఊగితే నట్లు ఊడిపోవూ?" సైటుకొచ్చి ప్రీకాస్ట్ పిల్లర్లు, అంటే ముందే వేరేచోట పోసి తెచ్చి నిలబెట్టేవి, చూసిన ప్రతి ఓనరూ ఇదే అడుగుతాడు, 2024 డిసెంబర్ 4న ములుగు దగ్గర 5.3 తీవ్రతతో వచ్చిన భూకంపం హైదరాబాద్ దాకా తెలిశాక మరీనూ.

నట్లు ఊడటం అసలు సమస్యే కాదండీ. పిల్లర్ అడుగున స్టీలు షూలుంటాయి, అంటే బోల్టు దూరే కన్నాలున్న ఇనుప పాదాలు, ఫౌండేషన్‌లోంచి లేచిన యాంకర్ బోల్టులు వాటిలోంచి పైకొస్తాయి, కింది నట్టు లెవెల్‌కి, పై నట్టు బిగింపుకి, మధ్యలో మిగిలిన సందంతా గ్రౌట్, అంటే సందుల్లోకి పారేలా కలిపిన సిమెంట్ మిశ్రమం. పిల్లర్ ఊగితే ఒక పక్క బోల్టు సాగుతుంది, రెండో పక్క ఆ గ్రౌటే నొక్కుడంతా మోస్తుంది.

అపోహ: గ్రౌట్ ఫినిషింగ్ కోసమే.
ఇది వింటే నాకు ఒళ్ళు మండుద్ది. గ్రౌట్ లేకపోతే బరువంతా బోల్టుల మీదే, ఆ సందులో అవి వంగిపోతాయి కూడా. ఒక సైట్లో సెంట్రింగ్ ఊడదీసి సుత్తితో తట్టి చూస్తే డొల్ల చప్పుడు, నాలుగు వైపులనించీ పోసేశారు, గాలి పోయే దారే లేదు! ఒక పక్కనుంచే పోస్తూ అవతలి పక్క పొంగి వచ్చేదాకా ఆపకూడదు.

అపోహ: బోల్టు ఎంత గట్టిదైతే అంత సేఫ్.
బాగా గట్టిదైన 10.9 గ్రేడ్ బోల్టు తెగేలోపు సాగాల్సింది కనీసం 9 శాతమే, కాంక్రీట్‌లో వేసే ఎఫ్‌ఈ 500డి రకం కమ్మీకైతే 16. పైగా మరలున్న చోట బోల్టు సన్నగా ఉంటుంది కాబట్టి సాగుడంతా ఆ కాస్త పొడవులోనే పడితే టప్పున తెగుద్ది. భూమి ఊగినప్పుడు ముందు ఏది లొంగి సాగాలో డిజైన్‌లోనే తేల్చుకోవాలి: బోల్టా, అయితే దానికి సాగే జాగా ఇవ్వాలి, పిల్లరా, అయితే జాయింట్ దానికంటే బలంగా ఉండాలి, షూ పైన రింగులు దగ్గరదగ్గరగా పడాలి.

అపోహ: ప్రీకాస్ట్ అంటేనే కూలుద్ది.
2012 మేలో ఇటలీలోని ఎమీలియాలో భూకంపాలకి ప్రీకాస్ట్ ఫ్యాక్టరీ షెడ్లు చాలా కూలాయి, కానీ వాటిలో బీములు పిల్లర్ల మీద ఊరికే ఆనించి ఉన్నాయి, బోల్టూ లేదు, రెండిటినీ కలిపి పట్టే డోవెల్ కడ్డీ కూడా లేదు, రాపిడే దిక్కు. ఊగేసరికి జారి పడ్డాయి.

ఇంకోటి, బోల్టు పది మిల్లీమీటర్లు పక్కకి పడిందని గ్యాస్ కట్టర్‌తో వేడి చేసి వంచే మేస్త్రీలున్నారు. అలా వేడి తగిలిన బోల్టు ఎంత మోస్తుందో ఏ లెక్కలోనూ దొరకదు, ఫౌండేషన్ కాంక్రీట్ పోసేముందే టెంప్లేట్, అంటే బోల్టుల్ని వాటి చోట్లలో పట్టి ఉంచే కన్నాల పలక, బిగించి ఎదురెదురు మూలల మధ్య రెండు వైపులా టేపు పెట్టి చూసుకోండి.