శనక్కాయ బీమా గొడవ: చేలో చూడాల్సింది గేజీలో చూడ్డం ఎప్పుడు మొదలైందంటే

బీమా కట్టాలా వద్దా, కడితే వస్తుందా అనే పంచాయితీ అనంతపురం వైపు మళ్ళీ లేచింది కాబట్టి హడావుడిగా ఈ నాలుగు ముక్కలు. కరువు జిల్లా, ఏడాది వాన 550 మి.మీ. దగ్గర్లోనే, ఇవన్నీ వందసార్లు చదివినవే కాబట్టి వాటి జోలికి పోను. కొర్రా సజ్జా పోయి శనక్కాయ 20 లక్షల ఎకరాల దాకా ఎట్లా పాకిందనేది కూడా ఇంకో రోజు. నా లెక్కలో మూలం ఒక్కటే. పంట పోయిందా లేదా అని చేలోకి దిగి చూసే పద్ధతి పక్కన పెట్టి, వాన గేజీ, అంటే వాన ఎంత పడిందో కొలిచే పరికరం చూసి, అందులో వాన తక్కువ పడితేనే డబ్బులని తేల్చే పద్ధతి పెట్టడం.

ముందు ఎట్లుండేదంటే, 1999-2000లో వచ్చిన జాతీయ వ్యవసాయ బీమాలో పంట కోత ప్రయోగాలు చేసేవాళ్ళు. చేలో కొంత జాగా కొలిచి, పీకి, కాయ ఆరబెట్టి తూకం వేసి, దిగుబడి మామూలు కన్నా ఎంత తగ్గిందో అంత లెక్కకట్టి ఇచ్చేవాళ్ళు. డబ్బులు ఎప్పటికో వచ్చేవి, తిట్టుకునేవాళ్ళు, నిజమే. కానీ చెట్టుకి కాయ లేకపోతే లేదనే రాసేవాళ్ళు కదా.

వాన లెక్కన బీమా అనేది మన దేశంలో మొదట చేసి చూసింది తెలుగు నేల మీదే, 2003లో మహబూబ్‌నగర్‌లో, చిన్న అప్పులిచ్చే బేసిక్స్ సంస్థ, ఐసీఐసీఐ లాంబార్డ్ బీమా కంపెనీ కలిసి. 2007 ఖరీఫ్‌లో కేంద్రం దాన్ని ట్రయల్‌గా ఎత్తుకుంది, తర్వాతి ఏళ్ళలో మన శనక్కాయకీ తగిలించారు. కంపెనీలు చెప్పేదేంటంటే కోత ప్రయోగాల్లో లోకల్ ఒత్తిళ్ళుంటాయి, నెలలు పడుతుంది, వాన లెక్కయితే తొందరగా తేలుతుంది, ఎవరూ మార్చలేరు అని. మాట బానే ఉంది.

కానీ శనక్కాయ సంగతి వేరు. 105, 110 రోజుల పంటలో నెల దాటాక పూత నేల వైపు ఊడలు వదుల్తుంది, ఆ ఊడ మట్టిలోకి దిగితేనే కాయ. సరిగ్గా అప్పుడు బెట్ట పడి ఎర్రనేల గట్టిపడిందనుకోండి, ఊడ పైనే ఎండిపోతుంది, చెట్టు మాత్రం పచ్చగానే కనపడుతుంది, రోడ్డు మీద పోయేవాళ్ళకి బ్రహ్మాండంగా ఉందనిపిస్తుంది, పీకితే చెట్టుకి రెండు మూడు కాయలు, అవీ తాలు. ఇక గేజీ చూస్తే, వాతావరణ శాఖ లెక్కలో 2.5 మి.మీ. పడితే అది వాన రోజే. ఆ మాత్రం వాన దుమ్ము అణగడానికి సరిపోతుందేమో గానీ ఊడ దిగడానికి ఏం సరిపోతుంది? పైగా గేజీ ఒక ఊళ్ళో, చేను ఇంకో ఊళ్ళో, మధ్యలో గుట్ట. ఇప్పుడు వానలు పడే తీరూ మారిపోయింది, జూన్ పదునుకి విత్తనం పడాల్సింది జూలై చివరిదాకా, కొన్నేళ్ళు ఆగస్టులోకీ జరిగిపోతోంది, పడితే ఒక్కరోజే కుండపోత, తర్వాత మూడు వారాలు చుక్క ఉండదు. సీజన్ మొత్తం కూడితే మాత్రం లెక్క బానే కనపడుతుంది.

2016 గుర్తుండే ఉంటుంది. ఆగస్టులో సరిగ్గా ఊడల టైంలో వాన మొహం చాటేస్తే ప్రభుత్వం నీళ్ళు వానలా చిమ్మే రెయిన్ గన్లు దింపింది, అప్పటి ముఖ్యమంత్రే వచ్చి జిల్లాలో మకాం వేశారు, లక్షల ఎకరాలు కాపాడామన్నారు. ఊళ్ళలో మాట ఇంకోలా ఉండింది, ట్యాంకర్ నీళ్ళు ఒక్క తడికే సరిపోలేదని. ఆ తర్వాత సంతలో ఎద్దులు అగ్గువకి పోయాయి, ఎందుకంటే కాయతో పాటు మేతకి వాడే శనక్కాయ కట్టె కూడా పోతుంది కదా, పశువులకి ఏం వేస్తారు? కదిరి, తలుపుల వైపు నుంచి బెంగుళూరుకీ కేరళకీ వలసపోయారు, పిల్లల్ని అవ్వాతాతల దగ్గర వదిలేసి. బంగారం బ్యాంకులో పెట్టి తెచ్చిన అప్పుకి ఇవేమీ లెక్కలోకి రావు.

2020లో రాష్ట్రం కేంద్ర ఫసల్ బీమా నుంచి బయటికొచ్చి ప్రీమియం మొత్తం తనే కడతానంది, ఎవరు ఏ పంట వేశారో ప్రభుత్వం రాసుకునే ఈ-క్రాప్‌లో పేరుంటే చాలన్నారు. రైతుకి 2 శాతం ప్రీమియం భారం తప్పింది, అది ఒప్పుకోవాల్సిందే, కానీ గేజీ తీరు ఏం మారలేదు. 2022లో మళ్ళీ ఫసల్ బీమాలో చేరారు, ప్రభుత్వం మారాక 2024-25 రబీ నుంచి రైతు వాటా రైతే కట్టాలన్నారు. ఉచితంగా ఉన్నప్పుడు రాకపోతే జనం గొణుక్కుని ఊరుకున్నారు, ఇప్పుడు జేబులోంచి కట్టాలి కాబట్టి గట్టిగా అడుగుతున్నారు, అంతే తేడా. రెండు పార్టీలు మాత్రం ఎవరి హయాంలో ఎన్ని కోట్లిచ్చామో చెప్పుకుంటున్నాయి, గేజీ ఊసు ఇద్దరూ ఎత్తరు.

రైతులు అడిగేది పెద్ద కోరికేం కాదు, ఊరు యూనిట్‌గా, దిగుబడి చూసి ఇవ్వమని. ఇక కౌలుకి చేసేవాళ్ళ గోడు వేరే. 2019 చట్టం ప్రకారం కౌలు రైతుకిచ్చే సాగుదారు కార్డుకి భూమి యజమాని సంతకం కావాలి, ఆయనేమో భూమి ఎక్కడ పోతుందోనని పెట్టడు, కార్డు లేకపోతే ఈ-క్రాప్‌లో యజమాని పేరే పడుతుంది, క్లెయిమ్ వచ్చినా ఆయన ఖాతాలోకే పోతుంది, విత్తనానికీ గుత్తకీ అప్పు చేసింది మాత్రం కౌలు రైతు.